'అమ్మమ్మ వండేది' అంటే అమర్యాదా?

సందేహం: మాది కర్ణాటకలో సింధనూరు దగ్గర ఒక క్యాంపు. తుంగభద్ర కాలువ కింద భూమి కొనుక్కుని మా అమ్మమ్మ, తాతయ్య కృష్ణా జిల్లా నుంచి వలస వచ్చారు. పోయినేడు అమ్మమ్మ పోయింది. సంవత్సరీకానికి వచ్చేవాళ్ళకి పంచడానికి చిన్న వ్యాసం రాస్తూ, 'నా అమ్మమ్మ రోజూ మా కోసం వంట తయారుచేసేవారు. ఆమె ఆవకాయ, జొన్నరొట్టెలు బాగా తయారుచేసేది' అని మొదలుపెట్టాను. 'తయారుచేసేవారు ఏంటే, ఎవరో పరాయి మనిషి గురించి రాసినట్టుంది' అన్నాడు మామయ్య. కన్నడ మీడియంలో చదివే మా అమ్మాయి మాత్రం 'చేసేది, వండేది అంటే వస్తువుని అన్నట్టే కదా, ఎవరైనా అమ్మమ్మని అలా అంటారా?' అంటోంది. ఏది సరైనది?

సమాధానం: వ్యాకరణం ప్రకారం 'వండేది', 'వండేవారు' రెండూ ఒప్పే. మీ వ్యాసానికి మాత్రం 'వండేది' నప్పుతుందని నా అభిప్రాయం. కానీ మీ అమ్మాయి అడిగింది కొట్టిపారేసే ప్రశ్న కాదు. తెలుగు ఒక్కటే చదివిన పిల్లలకి ఇది తట్టనే తట్టదు.

తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయ్యేనాటికి మీ సింధనూరు ఉన్న రాయచూరు జిల్లా హైదరాబాదు రాష్ట్రంలో ఉంది, 1956లో మైసూరు రాష్ట్రంలో కలిసింది. కోస్తా జిల్లాల నుంచి వచ్చి ఆ చుట్టుపక్కల క్యాంపులు కట్టుకున్న రైతు కుటుంబాల్లో ఇంటి భాష తెలుగు, పిల్లల బడి భాష కన్నడం. కన్నడంలో మగవాడు వస్తే 'బందను', ఆడమనిషి వస్తే 'బందళు', బస్సో బర్రో వస్తే 'బంతు'. మూడింటికీ మూడు రూపాలు. తెలుగులో మగవాడికి 'వచ్చాడు' ఒకటి, అమ్మమ్మకీ బస్సుకీ కలిపి 'వచ్చింది' ఒకటి. కన్నడం చదివిన పిల్ల చెవికి మన 'వచ్చింది' వాళ్ళ 'బంతు'లా వినబడుతుంది. వినబడక తప్పదు.

మన వ్యాకరణంలో ఈ విభాగాన్ని మహత్తు, అమహత్తు అంటారు. 1858లో వచ్చిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి స్త్రీలు, పశుపక్ష్యాదులు, జడపదార్థాలు కాకుండా మిగిలినవి మహత్తులని చెప్పాడు. అంటే స్త్రీవాచకాలు ఏకవచనంలో అమహత్తుల వరసలో పడతాయి. పేర్లు చూస్తే మనసు చివుక్కుమంటుంది, నిజమే. 'మహత్తు' అంటే గొప్పది అని కూడా అర్థం కదా! అయితే ఆ పేర్లు తరవాత వైయాకరణులు పెట్టినవి. ఆ విభాగం వాటికంటే చాలా పాతది, తెలుగుకు దగ్గర చుట్టాలైన గోండి, కువి భాషల్లోనూ ఉంది. వాటిలో బహువచనంలో కూడా స్త్రీలు మనుషులు కానివాటితోనే చేరతారు. తెలుగు అలా చేయలేదు. అమ్మమ్మ, పెద్దమ్మ కలిసి వస్తే 'వచ్చారు' అంటాం, 'వచ్చాయి' అని ఎవరూ అనరు. ఎడ్లు వస్తేనే 'వచ్చాయి'. లెక్కపెట్టేటప్పుడూ ఇంతే: ఇద్దరు అమ్మమ్మలు, రెండు ఎడ్లు. తెలుగువాడు ఆడమనిషిని వస్తువుగా చూసి 'ది' పెట్టాడనుకుంటే, ఇద్దరు కాగానే ఆమె మనిషి ఎలా అయింది? మీ అమ్మాయికి ఈ ఉదాహరణే చెప్పండి.

పాత తెలుగులో భూతకాలానికి ఈ తేడా కూడా లేదు. రాముడు వచ్చెను, సీత వచ్చెను, రథము వచ్చెను. మీరు అడిగిన 'వండేది' అన్న మాట 'వండే' మీద 'అది' చేరి ఏర్పడింది. 'వాడు' చేరితే వండేవాడు, 'వారు' చేరితే వండేవారు. మర్యాద ఆ 'ది'లో ఉండదు, పోదు. 'దుర్గమ్మ కరుణించింది', 'సీతమ్మ ఎన్ని కష్టాలు పడింది' అని చేతులు జోడించి మరీ అంటాం.

మరి మర్యాద ఎక్కడ తెలుస్తుంది? ఏకవచనానికీ బహువచనానికీ మధ్య తెలుస్తుంది. అది వ్యాకరణం కంటే ఇంటి పద్ధతికి సంబంధించిన సంగతి. మన ఇళ్ళలో చాలాచోట్ల అమ్మని, అమ్మమ్మని 'నువ్వు' అంటాం. అలా పిలిచిన మనిషి పోయాక కాగితం మీద 'వారు' అని రాస్తే, మీ మామయ్య అన్నట్టు పరాయితనం వచ్చేస్తుంది. అమ్మమ్మని 'మీరు' అనే ఇళ్ళూ ఉన్నాయి. వాళ్ళు 'వండేవారు' అనే రాయాలి. ఆమె బతికుండగా మీరు ఎలా పిలిచారో, ఎలా చెప్పుకున్నారో అదే మీకు ప్రమాణం. మీ ఉత్తరంలోనే చూడండి, వ్యాసం సంగతి పక్కన పెట్టి మామూలుగా చెప్పినప్పుడు 'అమ్మమ్మ పోయింది' అన్నారు. మీ ఇంటి మాట అదే.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను. అదే వ్యాసంలో తాతయ్య గురించి 'పొలం చూసుకునేవారు' అని, అమ్మమ్మ గురించి 'వండేది' అని రాయకండి. నిజమైన అమర్యాద అక్కడే ఉంది, దానికి కారణం వ్యాకరణం కాదు, మనం. అమ్మమ్మకి 'వండేది' అయితే తాతయ్యకి 'చూసుకునేవాడు'. ఆయనకి 'వారు' తప్పదనుకుంటే ఈమెకీ 'వారు' పెట్టాల్సిందే. పుట్టిన ఊరు వదిలి, తెలియని భాష మధ్యకి వచ్చి, ఇల్లూ పొలమూ నిలబెట్టిన మనుషులు ఇద్దరూ. కొలత ఇద్దరికీ ఒకటే ఉండాలి.

మీరు రాసిన రెండు వాక్యాల్లో మొదటిది 'వారు', రెండోది 'ది'. ఏదో ఒకదానికి కట్టుబడండి. 'ఆమె' కూడా అవసరం లేదు. తెలుగులో కర్తని ఒకసారి చెప్పి వదిలేస్తే వాక్యం దానంతటదే నడుస్తుంది. ఎక్కడైనా కావాలనిపిస్తే మళ్ళీ 'అమ్మమ్మ' అనే అనండి. 'నా అమ్మమ్మ' కాదు, 'మా అమ్మమ్మ'. ఇల్లు, ఊరు, అమ్మ, అమ్మమ్మ మనకి ఒక్కరి సొత్తు కావు. మీ అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ మీలో మీరు చెప్పుకునేటప్పుడైతే 'మన అమ్మమ్మ' అనొచ్చు.

మీరు అడగకపోయినా, నన్ను అన్నిటికంటే బాధపెట్టింది ఆ 'తయారుచేసేది'. టీవీ వంటల కార్యక్రమాల నుంచి మన ఇళ్ళలోకి వచ్చేసిన మాట ఇది. ఆవకాయ తయారుచేయరు, పెడతారు లేదా కలుపుతారు. జొన్నరొట్టె తడతారు, పెనం మీద కాలుస్తారు. పులుసు పెడతారు, చారు కాస్తారు, పచ్చడి నూరుతారు, అట్టు పోస్తారు, గారెలూ అరిసెలూ వండుతారు, జంతికలు వత్తుతారు, సున్నుండలు చుడతారు, పెరుగు తోడు పెడతారు, మజ్జిగ చిలుకుతారు, తాలింపు వేస్తారు. చేతి పని మారితే క్రియ మారుతుంది. చుట్టేటప్పుడు అరచేయి చేసే పని వేరు, నూరేటప్పుడు భుజం చేసే పని వేరు. వీటన్నిటినీ తీసేసి 'తయారుచేసేది' అని ఒక్క ముక్కలో తేల్చేస్తే అమ్మమ్మ ఏం చేసిందో చదివేవాళ్ళకి కనబడదు. మీ ఇంట్లో వీటిలో కొన్నిటికి వేరే మాటలుంటే అవే రాయండి. సింధనూరు వైపు పొరుగువాళ్ళ దగ్గర నేర్చుకున్న వంటలుంటే, వాటిని అమ్మమ్మ ఏ పేరుతో పిలిచిందో ఆ పేరే ఉంచండి. కన్నడ మాట అని మార్చకండి.

మీ రెండు వాక్యాలనూ నేనైతే ఇలా రాస్తాను:

'మా అమ్మమ్మ పొద్దున్నే జొన్నరొట్టెలు తట్టేది. తాతయ్య పొలం నుంచి వచ్చేసరికి పచ్చడి నూరి, చారు కాచి ఉంచేది. ఏటా ఎండాకాలం ఇంటిల్లిపాదికీ ఆవకాయ పెట్టేది.'

పచ్చడీ చారూ నేను ఊహించి పెట్టినవి. అమ్మమ్మ నిజంగా ఏం నూరేదో, ఏం కాచేదో మీ మామయ్యని అడిగి రాయండి.