ఏ తలనొప్పి ఏ రకమో ఎలా గుర్తుపట్టాలి?

తల నొచ్చిన ప్రతిసారీ అది సైనసేనా, వేరే రకాలు కూడా ఉన్నాయా అని మీరు అడిగారు. తిరుపతిలో ఆరేళ్ల పాటు నా నొప్పిని సైనస్ అనే నమ్మి, రాత్రిళ్లు పసుపు నీళ్ల ఆవిరి పట్టుకుంటూ గడిపినదాన్ని కనుక నా అనుభవం చెబుతాను.

చివరకు నరాల వైద్యుని దగ్గరకు వెళ్లినప్పుడు, నొప్పి ఉన్నంతసేపూ ఏం చేస్తుంటారని ఆయన మొదట అడిగారు. తలుపులు మూసుకుని చీకట్లో కదలకుండా పడుకుంటానని చెప్పాను. అది పార్శ్వపు నొప్పి, అంటే మైగ్రేన్ లక్షణమని ఆయన అన్నారు. చాలామందికి తలకు ఒక పక్కనే పోటు పొడుస్తుంది, కడుపులో తిప్పుతుంది, వెలుతురూ చప్పుడూ భరించలేరు. మందు వేసుకోకపోతే 4 నుంచి 72 గంటలు ఉంటుంది. ఇందులోనూ ముక్కు దిబ్బడ వేయవచ్చు కనుకనే నాలాంటివారు పొరబడతారు. సైనస్ ఇన్ఫెక్షన్‌లో అయితే సాధారణంగా చిక్కటి చీమిడి పడుతుంది, వాసన తెలియదు, జ్వరం కూడా రావచ్చు.

కొందరికి నొప్పికి ముందు చూపు చెదురుతుంది. ఒక ఏకాదశి నాడు ఉపవాసంతో అలిపిరి మెట్లెక్కుతుండగా, గాలిగోపురం చేరకముందే, పసుపు కుంకుమలు పెట్టిన మెట్ల అంచులు రంపపు పళ్లలా మెరుస్తూ కదిలాయి. అక్కడే కూలబడ్డాను. 20 నిమిషాలకు చూపు కుదుటపడింది, ఆ వెంటనే ఎడమ కణతలో పోటు మొదలైంది.

చిత్తూరులో కుట్టుపని చేసే మా అక్కది వేరే రకం. నుదుటి చుట్టూ గుడ్డ బిగించి కట్టినట్టు రెండు వైపులా పట్టేస్తుంది, కానీ వాంతులుండవు, మిషను ముందు నుంచి లేవకుండానే పని ముగిస్తుంది. దీన్ని టెన్షన్ తలనొప్పి అంటారు. అరుదైన క్లస్టర్ నొప్పి ఒక కంటి చుట్టూ భయంకరంగా వచ్చి, 15 నిమిషాల నుంచి 3 గంటలు ఉంటుంది. ఆ కన్ను ఎర్రబడి నీరు కారుతుంది, మనిషి పడుకోలేక అటూ ఇటూ తిరుగుతాడు.

మీరు మాత్రలు ఎన్ని వేసుకుంటున్నారో దయచేసి గోడ క్యాలెండరులో గుర్తుపెట్టండి. పారాసిటమాల్ వంటివి నెలకు 15 రోజులు, రెండు మూడు మందులు కలిసిన మాత్రలైతే 10 రోజులు, 3 నెలలకు పైగా వాడితే ఆ మాత్రల వల్లనే తలనొప్పి తిరిగి తిరిగి వస్తుంది. నాకు అదీ జరిగింది.

ఎన్నడూ లేనంత నొప్పి క్షణాల్లో ముంచుకొచ్చినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా, మాట తడబడినా, కాలు చేయి పట్టు తప్పినా తెల్లవారేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.