గ్రహాలు ‘భ్రమిస్తాయా’, ‘పరిభ్రమిస్తాయా’?

సందేహం: పిల్లల కోసం రాసిన ఒక వ్యాసానికి ‘గ్రహాలు ఎందుకు భ్రమిస్తాయి? భ్రమించడం ఆగిపోతే ఏమవుతుంది?’ అని శీర్షిక పెట్టాను. భ్రమించడమంటే భ్రాంతి చెందడమనీ, ‘పరిభ్రమిస్తాయి’ అని దిద్దుకోవాలనీ ఒక మిత్రుడు అంటున్నారు. ఏది సరైనది?

సమాధానం: మీ శీర్షికలో దోషం లేదు. మీ మిత్రులు సూచించిన దిద్దుబాటు మాత్రం విషయాన్నే మార్చివేస్తుంది. సంస్కృతంలో ‘భ్రమ్’ ధాతువుకు చలించడం, నిలకడ లేకపోవడం అనే అర్థాలున్నాయి. వస్తువు నిలవక తిరిగితే భ్రమణం, మనసు నిజం మీద నిలవకపోతే భ్రమ. అయితే నేటి తెలుగులో ‘భ్రమించు’ అనే క్రియకు భ్రాంతి చెందడమనే అర్థమే బలపడింది కనుక ఆ అభ్యంతరంలో కొంత న్యాయముంది.

‘పరి’ అనే ఉపసర్గకు ‘చుట్టూ’ అని అర్థం. గ్రహం తన అక్షం మీద తాను తిరగడం భ్రమణం, సూర్యుని చుట్టూ తిరగడం పరిభ్రమణం. శుక్రునికి మొదటిదానికి సుమారు 243 రోజులు, రెండోదానికి సుమారు 225 రోజులు పడుతుంది కాబట్టి ఇక్కడ మాట తారుమారైతే లెక్క కూడా తప్పుతుంది.

మీ వ్యాసానికి ఈ భేదం మరీ ముఖ్యం. సుమారు 460 కోట్ల సంవత్సరాల క్రితం మెల్లగా తిరుగుతున్న వాయుధూళి మేఘం తన గురుత్వాకర్షణకు లోనై కుంచించుకుపోయినప్పుడు, కోణీయ ద్రవ్యవేగం (తిరిగే వస్తువు ద్రవ్యరాశి, దాని విస్తృతి, తిరిగే వేగం కలిసిన రాశి) నశించదు కనుక, దాని తిరిగే వేగం పెరిగింది. ఆ పదార్థంతో ఏర్పడిన గ్రహాలకు ఆ తిరుగుడు సంక్రమించింది, శూన్యంలో అడ్డుకునే బలం దాదాపు లేనందువల్ల నేటికీ సాగుతోంది. చంద్రుని వల్ల కలిగే ఆటుపోట్లు భూభ్రమణాన్ని కొద్దికొద్దిగా మందగింపజేస్తున్నా, రోజు నిడివి శతాబ్దానికి సుమారు 2 మిల్లీసెకన్లు మాత్రమే పెరుగుతోంది.

భూభ్రమణం ఒక్కసారిగా ఆగితే, భూమధ్యరేఖ వద్ద నేలతోపాటు గంటకు సుమారు 1,670 కిలోమీటర్ల వేగంతో సాగుతున్న గాలీ సముద్రజలమూ జడత్వం వల్ల తూర్పు దిక్కుకు దూసుకుపోతాయి. ఆ తరువాత ఏడాదికి ఒకే పగలు, ఒకే రాత్రి మిగులుతాయి. ఆగినది పరిభ్రమణమైతే, భూమి సూర్యుని వైపు పడిపోతూ సుమారు 65 రోజులలో అందులో కలిసిపోతుంది. ‘భూమి తిరగడం ఆగితే’ అని ఊరుకుంటే ఈ రెండింటిలో ఏది ఉద్దేశమో చదివేవారికి తెలియదు.

పిల్లల కోసం కనుక ‘గ్రహాలు తమ చుట్టూ తాము ఎందుకు తిరుగుతాయి?’ అని శీర్షిక మార్చడం మేలని నా అభిప్రాయం. ఇందులో ‘తాము’ అనే మాటను వదలకండి. ‘తమ చుట్టూ తిరుగుతాయి’ అంటే వాక్యం కుంటుపడుతుంది. వ్యాసం లోపల ‘భ్రమణం’ అనే నామవాచకాన్ని నిస్సంకోచంగా వాడండి. భూభ్రమణం, భ్రమణాక్షం, భ్రమణకాలం అన్నప్పుడు భ్రాంతి అనే అర్థం ఎవరికీ తోచదు.