ముందు నేల, తర్వాత సిపాయి

చిరంజీవి అమ్మలుకు పెదనాన్న ఆశీస్సులు.

బల్ల మీద ఆడే యుద్ధపు ఆట కోసం నువ్వు రంగులేస్తున్న చిన్న సిపాయి బొమ్మల ఫొటోలు చూశాను. ముఖాలు బాగా కుదిరాయి. కానీ బొబ్బిలి బంట్ల కాళ్ల కింద ఆ చిలకపచ్చ గడ్డి ఏంటమ్మా? బొబ్బిలి యుద్ధం జరిగింది 1757 జనవరి 24న. ఆ రోజులకి మన వైపు వరి కోతలైపోయి పొలాల్లో మోళ్లే మిగులుతాయి, గట్ల మీద గడ్డి పండిపోతుంది. సంక్రాంతికి వస్తావుగా, రైల్లోంచి నాలుగు ఫొటోలు తీసుకో, అదే నీ రంగుల పట్టిక. నువ్వు తర్వాత చేస్తానంటున్న పద్మనాభం యుద్ధం, అంటే విజయనగరం రాజుకీ ఇంగ్లీషు కంపెనీకీ జరిగినది, 1794 జూలై 10. అక్కడైతే తడిసిన ఎర్రమట్టి, కొత్తగా మొలిచిన గడ్డి. రంగు సీసా మూత తీయకముందే ఏ నేల, ఏ నెల అన్నది తేల్చుకో. అది తేలితేనే పంచె అంచుకి, పాదాలకి, గుర్రపు గిట్టలకి ఏ దుమ్ము పూయాలో తెలుస్తుంది.

బేసు కోసం, అంటే బొమ్మ నిలబడే అడుగు బిళ్ల మీద నేల చెయ్యడానికి, ఏమీ కొనక్కర్లేదు. నాగావళి ఇసుక గుప్పెడు తెచ్చుకుని, కడిగి ఎండబెట్టి, టీ వడగట్టే జల్లెడతో జల్లించు. సముద్రపు ఇసుక మాత్రం వద్దు, ఉప్పు చెమ్మ లాగుతుంది. 28 మిల్లీమీటర్ల ఎత్తు బొమ్మ పక్కన పెసరగింజంత రాయి కూడా పెద్ద బండే, కాబట్టి ముతక రేణువులు ఒకటి రెండు చాలు. బొమ్మని ఫెవిక్విక్‌తో బేసుకి అంటించి, చుట్టూ ఫెవికాల్ పూసి, ఇసుక చల్లి, రాత్రంతా వదిలెయ్యి. పొద్దున్న ముదురు ఎరుపు గోధుమరంగు నిండా పట్టించు. ఆరాక లేత మట్టిరంగు కుంచెకి అద్ది, గుడ్డమీద దాదాపు అంతా తుడిచేసి, పైపైన రాపాడించు. గరుకు అంచులకే రంగు అంటుతుంది, నేల లేచి నిలబడుతుంది. మోళ్లకి గోగునార కన్నా మంచిది దొరకదు. రెండు మిల్లీమీటర్ల ముక్కలుగా కత్తిరించి, చిన్న చిన్న కుచ్చులుగా వరసల్లో నాటు. రెండు మూడు బేసులకి ఒకదానికి పెడితే సరిపోతుంది, అన్నిటికీ పెడితే అతిగా ఉంటుంది.

ఇక బట్టలు. బొబ్బిలిలో ఎవరికీ ఇంగ్లీషు ఎర్రకోట్లు వెయ్యకు. కోటని చుట్టుముట్టింది ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యం, విజయనగరం పూసపాటి విజయరామరాజు బలగం. ఇంగ్లీషు కంపెనీ ఆ యుద్ధంలో లేదు. పద్మనాభంలో కంపెనీ సిపాయిలకి ఎర్రకోటు వెయ్యాలి. రాజుల బంట్లకి యూనిఫాం ఉండదు కాబట్టి ఒక్కొక్కడి తలపాగా ఒక్కో రంగు చెయ్యి. నీలిమందు నీలం, కావి, మాసిన తెలుపు, ఇలా. పంచెకి సీసాలోని తెలుపు నేరుగా వేస్తే సున్నం కొట్టినట్టు ఉంటుంది. ముందు బూడిద కలిసిన గోధుమరంగు వేసి, మడతల మీద మాత్రం మీగడ తెలుపు ఎక్కించు. చర్మానికి విదేశీ రంగుల సెట్లో వచ్చే గులాబీ రంగు పక్కన పెట్టెయ్యి. మనవాళ్ల ఒంటి రంగుకి ఇటుకరంగు కలిసిన గోధుమరంగుతో మొదలుపెట్టి, ముక్కు, చెంపలు, భుజాలు కొంచెం వెలిగించు. కళ్లల్లో తెలుపు పెట్టకు, ఒక ముదురు గీత చాలు. బల్ల మీద ఆడేవాళ్లు మూరెడు దూరం నుంచి చూస్తారు, భూతద్దంతో కాదు.

రంగు ఎప్పుడూ నీళ్లు కలిపి పల్చగానే వెయ్యి, ఒక మందపాటి పూత కంటే రెండు పల్చటి పూతలు నయం. మరీ సన్న కుంచెలు కొన్నావని తెలిసింది, డబ్బు దండగ. వాటి మొనలో రంగు నిలవదు, బొమ్మ దాకా వెళ్లేలోపే ఆరిపోతుంది. మొన బాగున్న ఒకటో నంబరు కుంచె ఒక్కటి ఉంచుకో.

మన గాలిలో చెమ్మ ఎక్కువ. ముసురు పట్టిన రోజు స్ప్రే ప్రైమర్, అంటే రంగుకి ముందు కొట్టే అడుగు పూత, ముట్టుకోకు, గరుకుగా పొడిపొడిగా వస్తుంది. రంగు పోకుండా చివర కొట్టే మెరుపు లేని పూత, మ్యాట్ వార్నిష్, ఇంకా పెంకిది, తెల్లగా పొగబారి పడిన శ్రమంతా పోతుంది. వానాకాలంలో కుంచెతో పూసే రకమే వాడు. ప్రైమర్‌కి ముందు బొమ్మల్ని సబ్బునీళ్లలో కడగడం మానకు, అచ్చు నుంచి తీయడానికి రాసిన జిడ్డు ఉంటే రంగు పెచ్చులూడుతుంది.

కోట చెయ్యాలని అడిగావు. ఇప్పుడు బొబ్బిలిలో నిలబడి ఉన్న కోటని చూసి చెయ్యకు, అది తర్వాత కట్టినది. ఆనాటిది మట్టి కోట. థర్మాకోల్‌తో గోడ కోసి, మట్టి కలిపిన ఫెవికాల్ రెండు పూతలు వేసి పూర్తిగా ఆరనివ్వు. రంధ్రం ఎక్కడ మిగిలినా స్ప్రే తగిలి లోపల థర్మాకోల్ కరిగిపోతుంది. అందుకని కోటకి స్ప్రే మాట వదిలేసి కుంచెతోనే కానివ్వు.

మీ పెదనాన్న,
విజయనగరం