పదేళ్లు నాట్యం నేర్పించి ఇప్పుడు వద్దంటే ఎలాగమ్మా?

ప్రశ్న: మా పాప ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. ఏడో ఏట నుంచి కూచిపూడి నేర్చుకుంటోంది. తైవాన్‌లోని ఒక నాట్య బృందం వీడియోలు చూసి, అక్కడికెళ్లి డాన్స్‌లోనే డిగ్రీ చేస్తానంటోంది. చైనా సంప్రదాయ విద్యలు, ఆధునిక నాట్యం కలిపి సమాజం మీద ప్రదర్శనలు ఇస్తారట. అసలు ఇది చదువేనా? తైవాన్, బీజింగ్, హాంకాంగ్‌లలో ఏది మేలు? లేక బీటెక్ చేసి డాన్స్ పక్కన పెట్టుకోమనాలా? మావారైతే పాపతో మాట్లాడటమే మానేశారు. (ఒక తల్లి, గుంటూరు)

జవాబు: అమ్మా, మీరు అడిగింది మూడు ఊళ్ల గురించి. మిమ్మల్ని నిద్రపోనివ్వనిది మాత్రం వేరే. ముప్పై ఏళ్లు వచ్చేసరికి పిల్ల తన కాళ్ల మీద నిలబడుతుందా, పరాయి దేశంలో ఒంటరిదైపోతుందా అన్న దిగులు. డాన్స్ అనగానే ప్రతి తల్లీ నన్ను అడిగేది ఇదే. మీవారి మౌనం వెనకా ఆ భయమే ఉండి ఉంటుంది. దాని సంగతికి వస్తాను. ముందు పాప చూసిందేమిటో మీకు తెలియాలి. తెలియకుండా వద్దంటే ఏ పిల్లా ఒప్పుకోదు.

మీరు చెప్పినదాన్ని బట్టి అది క్లౌడ్ గేట్ బృందం అయి ఉంటుంది. 1973లో లిన్ హ్వాయ్‌మిన్ తైవాన్ రాజధాని తైపేలో స్థాపించారు. ఆయన కాలేజీలో చదివింది జర్నలిజం. బృందం పెట్టేనాటికే కథకుడిగా పేరుంది. 1978లో చేసిన ‘లెగసీ’ సముద్రం దాటి తైవాన్‌కు వచ్చి స్థిరపడిన తొలితరాల వాళ్ల కథ. దానికోసం డాన్సర్లను నది ఒడ్డుకు తీసుకెళ్లి రాళ్ల మధ్య సాధన చేయించారు. డిసెంబర్ 16న చియాయి ఊళ్లో మొదటి ప్రదర్శన. తైవాన్‌తో దౌత్య సంబంధాలు తెంచుకుంటున్నట్టు అమెరికా ప్రకటించిన వార్త అక్కడికి చేరింది కూడా ఆ రోజే. తాతముత్తాతలు తుపానులో పడవ నడిపిన దృశ్యం ఆ రాత్రి చూసిన వాళ్లకు ఎలా తగిలి ఉంటుందో ఊహించండి. తర్వాత 1997లో ‘పోర్ట్రెయిట్ ఆఫ్ ది ఫ్యామిలీస్’ చేశారు. 1987 దాకా సాగిన మార్షల్ లా కాలంలో జనం నోరు విప్పి చెప్పుకోలేకపోయిన చావుల గురించి అది.

ఇంకొకటి ‘సాంగ్స్ ఆఫ్ ద వాండరర్స్’, 1994. మన బుద్ధగయకు వచ్చి వెళ్లాక లిన్ చేసింది. స్టేజీ మీద మూడున్నర టన్నుల ధాన్యం. ఒక పక్క సన్యాసి వేషంలో ఒకాయన చేతులు జోడించి నిలబడి ఉంటాడు. పైనుంచి సన్నటి ధాన్యపు ధార ఆయన నెత్తిన పడుతూనే ఉంటుంది. గంటన్నర పాటు ఆయన కదలడు. ఇది చదువేనా అని అడిగారు కదా, ఆ వీడియో పాపతో కలిసి కూర్చుని చూడండి. మీకే తెలుస్తుంది.

ఆ నిలకడ ఊరికే రాదు. తాయ్‌చీ అనే నెమ్మదైన చైనా యుద్ధవిద్య, ధ్యానం, చైనా ఒపెరా కదలికలు, బాలే, మోడర్న్ డాన్స్ అన్నీ వాళ్ల సాధనలో భాగం. 2001 నాటి ‘కర్సివ్’ కోసం చేతికి కుంచె ఇచ్చి చైనా లిపి రాయడం కూడా నేర్పించారు. తాయ్‌చీలో ఒక్క అడుగు ఎలా వేస్తారో చూడండి. మోకాళ్లు వంచి, ఒంటి బరువంతా ఒక కాలి మీదికి తెచ్చి, బరువు లేని రెండో కాలి మడమను ముందు ఆనించి, చప్పుడు రాకుండా మెల్లగా పాదం పరుస్తారు. మీ పాప పదేళ్లుగా అరమండిలో కూర్చుని పాదం నేలకు కొట్టి జతి పలికించింది. మోకాళ్లు వంగడం వరకూ రెండూ ఒకటే. పాదం నేలను తాకే తీరు పూర్తిగా వేరు. పదేళ్ల అలవాటును పక్కన పెట్టి ఆ ఒక్క అడుగు ఒంటికి పట్టించుకోవాలంటేనే చాలా కాలం పడుతుంది.

నా అనుమానమూ ఇక్కడే మొదలవుతుంది. ఇలా రెండు మూడు విద్యలు కలిపే ఫ్యూజన్ ఇప్పుడు పెద్ద ఫ్యాషన్ అయిపోయింది. రెండు వారాల వర్క్‌షాప్‌కు వెళ్లొచ్చి, నాలుగు జతులకు కొంచెం తాయ్‌చీ తగిలించి, చివర్లో స్త్రీ సాధికారత అని ఒక బ్యానర్ పట్టుకుంటే సమాజం గురించి చెప్పినట్టే అనుకుంటున్నారు పిల్లలు. నాకు నిజంగా బాధేస్తుంది. బీజింగ్‌లో వెన్ హుయ్ అనే నాట్యకారిణి, 1994లో లివింగ్ డాన్స్ స్టూడియో మొదలుపెట్టినవాళ్లలో ఒకరు. 1999లో ‘రిపోర్ట్ ఆన్ గివింగ్ బర్త్’ చేసేముందు ఆడవాళ్ల దగ్గర కూర్చుని వాళ్ల కాన్పుల కథలు విన్నారు. 2001లో భవన నిర్మాణంలో పనిచేసే వలస కూలీలనే స్టేజీ ఎక్కించారు. మన దగ్గర ప్రజానాట్యమండలిలో నాజర్ గారు బుర్రకథతో చేసిందీ, చెన్నైలో నాట్యకారిణి చంద్రలేఖ భరతనాట్యానికి యోగా, కేరళ యుద్ధవిద్య కలరిపయట్టు జోడించి చేసిందీ ఈ కోవలోదే. ఒక విద్యను లోతుగా పట్టుకున్నవాళ్లు, చుట్టూ ఉన్న మనుషుల్ని ఎరిగినవాళ్లు. పదిహేడేళ్ల అమ్మాయి భాష రాని ఊళ్లో ఈ రెండూ ఒకేసారి మొదలుపెట్టడం కష్టం. అందుకే ఇప్పుడే డిగ్రీకి పంపమని నేను చెప్పను.

అలాగని మీ మాటే నెగ్గిందనుకోకండి. పదేళ్లు ఫీజులు కట్టారు, పట్టు డ్రెస్సులు కుట్టించారు, ప్రతి ప్రోగ్రాం ఫొటో బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో పెట్టి ఉంటారు. అప్పుడంతా నాట్యం గొప్పది. పాప దాన్నే జీవితం అనుకునేసరికి చదువా కాదా అన్న సందేహం వచ్చింది. మెచ్చుకోలు మీరు తీసుకుని, త్యాగం మాత్రం పాపను చేయమనడం న్యాయం కాదమ్మా. ఇష్టం లేని బీటెక్‌లో చేర్చి బ్యాక్‌లాగులతో నలిగిపోయిన పిల్లలను చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

పాప మూడేళ్లు ఇక్కడే బీఏ చేయాలి. సోషియాలజీ, జర్నలిజం, సాహిత్యం, ఏదైనా సరే. కూచిపూడి ఒక్కరోజూ ఆగకూడదు. ఆ తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో నాట్యంలో ఎంపీఏ అనే పీజీ కోర్సు ఉంది, అందులో కూచిపూడి ఉంది. ఈ మూడేళ్లలో చైనీస్ మొదలుపెట్టాలి, అది లేకుండా తైపే, బీజింగ్ మాట ఎత్తనక్కర్లేదు. చైనాకైతే హెచ్‌ఎస్‌కే, తైవాన్‌కైతే టీఓసీఎఫ్‌ఎల్, రెండూ చైనీస్ భాష ఎంత వచ్చో చూసే పరీక్షలు. తైవాన్ ప్రభుత్వం ఇచ్చే హువాయు స్కాలర్‌షిప్ మీద కొన్ని నెలలు అక్కడే ఉండి భాష నేర్చుకోవచ్చు. ఊరు, మనుషులు, క్లాసులు కళ్లారా చూసి వస్తే పాపకూ స్పష్టత వస్తుంది, మీకూ టెన్షన్ తగ్గుతుంది. వివరాలకు చెన్నైలోని తైపే ఎకనమిక్ అండ్ కల్చరల్ సెంటర్‌ను అడగండి.

ఇక మూడు ఊళ్ల సంగతి. 1954లో మొదలైన బీజింగ్ డాన్స్ అకాడమీ టెక్నిక్‌కు పెట్టింది పేరు. కానీ చైనాలో జనం ముందు ప్రదర్శన ఇవ్వాలంటే ముందు ప్రభుత్వ అనుమతి కావాలి, సమాజం గురించి మాట్లాడాలనుకునే పిల్లకు అది చిన్న విషయం కాదు. హాంకాంగ్ అకాడమీ ఫర్ పెర్ఫార్మింగ్ ఆర్ట్స్‌లో చైనా నాట్యం, కాంటెంపరరీ వేర్వేరు విభాగాలు. తైపే నేషనల్ యూనివర్సిటీ ఆఫ్ ది ఆర్ట్స్‌లో నాట్య విభాగాన్ని 1983లో లిన్ గారే ప్రారంభించారు. మీ పాప కోరికకు దగ్గరగా ఉన్నది అదే.

డబ్బు విషయం దాచను. నెల జీతం ఇచ్చే నాట్య బృందాలు ప్రపంచంలోనే తక్కువ. క్లౌడ్ గేట్ అంతటిదే 1988లో ఆగిపోయి 1991లో మళ్లీ మొదలైంది. మోకాలు దెబ్బతింటే ఏడాది పోతుంది. కానీ నాట్యం బాగా వచ్చి, చేతిలో డిగ్రీ, రెండు మూడు భాషలు ఉన్న అమ్మాయికి తిండికి లోటుండదు. కూచిపూడి నేర్పే టీచర్ల కోసం విదేశాల్లోని మన కుటుంబాలు ఎంత వెతుక్కుంటాయో మీకూ తెలుసు. స్కూళ్లు, థియేటర్, పరిశోధన, ఇలా ఇంకా దారులున్నాయి. పెద్ద ఆస్తులు రాకపోవచ్చు, కానీ మీ మీద ఆధారపడి బతకాల్సిన అవసరం రాదు. ఈ మాట మీవారికి నా మాటగా చెప్పండి.

ఇంటర్ పరీక్షలు అయ్యేదాకా ఇంట్లో ఈ చర్చ వద్దు. అయ్యాక ముగ్గురూ కూర్చోండి. ఏ విషయం మీద నాట్యం చేయాలనుకుంటున్నావని పాపను అడగండి. మీరు మధ్యలో మాట్లాడొద్దు. ఏం చెప్పిందో రెండు పేజీల్లో రాసి నాకు పంపమనండి. బీఏలో ఏ సబ్జెక్టులు తీసుకోవాలో అది చదివి చెబుతాను.