రాత్రిపూట ఆగిపోయే సర్వర్

ప్రశ్న: దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక డయాగ్నస్టిక్ కేంద్రానికి నేను సీ భాషలో టోకెన్ సర్వర్ రాసిచ్చాను. నాలుగు కౌంటర్ల కంప్యూటర్లు దానికి కనెక్టయి ఉంటాయి. ప్రతి 10 నిమిషాలకు సర్వర్ వాటికి ఒక చిన్న సందేశం పంపుతుంది. పగలంతా ఏ ఇబ్బందీ లేదు. రాత్రి 9 గంటలకు సిబ్బంది కంప్యూటర్లను ఆన్‌లోనే ఉంచి, కౌంటర్ ప్రోగ్రామ్ మాత్రం మూసి వెళ్తారు. ఆ తర్వాత ఎవరూ తాకకుండానే సర్వర్ ఆగిపోతోంది. లాగ్‌లో ఒక్క ముక్క కూడా ఉండదు. లాగౌట్ అయినా ప్రోగ్రామ్ ఆగకుండా చూసే నోహప్‌తోనే నడుపుతున్నాను. ఇదే ప్రోగ్రామ్ మా ఇంటి లినక్స్ మెషీన్‌పై సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులను నడిపే ప్రోగ్రామ్) సర్వీసుగా వారం రోజులు నడిచినా ఆగలేదు. తెల్లవారి పరగడుపున రక్తపరీక్షకు వచ్చినవాళ్లు టోకెన్ల కోసం నిలబడాల్సి వస్తోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, మలక్‌పేట

జవాబు: రాత్రి 9 తర్వాత సర్వర్ ఖాళీగా ఉంటుందని మీరు అనుకుంటున్నారు గానీ, 10 నిమిషాలకోసారి సందేశం పంపే పనిని అది మానలేదు. ఆ సందేశం అందుకోవలసిన ప్రోగ్రాములే అప్పటికి మూతపడ్డాయి.

కౌంటర్ ప్రోగ్రామ్ మూయగానే అక్కడి కంప్యూటర్ ‘ఇక పంపేదేమీ లేదు’ అని చెప్పే ఫిన్ ప్యాకెట్ పంపుతుంది. సర్వర్ ఆ సాకెట్‌ను (ఆ కనెక్షన్‌కు తన వైపు ఉన్న కొసను) చదివి ఉంటే రీడ్ సున్నా ఇచ్చేది, కనెక్షన్ ముగిసిందని తెలిసేది. చదవకుండా రాస్తూ పోయే ప్రోగ్రామ్‌కు ఆ కబురు అందదు. తర్వాతి సందేశం రాసినప్పుడు అంతా సవ్యంగానే కనిపిస్తుంది, కానీ అవతలి కంప్యూటర్ దాన్ని రీసెట్ ప్యాకెట్‌తో తిప్పికొడుతుంది. మరో 10 నిమిషాలకు రెండోసారి రాయబోతే కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లోని ప్రధాన భాగం) సిగ్‌పైప్ అనే సిగ్నల్ పంపుతుంది; అవతల వినేవాళ్లు లేని కనెక్షన్‌లోకి రాస్తున్నావని దాని అర్థం. దానికి ప్రోగ్రామ్ ముందుగా ఏర్పాటు చేసుకోకపోతే అక్కడికక్కడే ముగిసిపోతుంది. నా అంచనా సరైనదైతే, మొదటి కౌంటర్ మూసిన 20 నిమిషాల లోపే మీ సర్వర్ ఆగిపోతూ ఉండాలి.

లాగ్ ఖాళీగా ఉండడం కూడా దీనికే సరిపోతోంది. మెమరీ చాలక కెర్నల్ చంపినా, సెగ్మెంటేషన్ ఫాల్ట్ (తాకకూడని మెమరీని తాకడం) వచ్చినా డీమెసేజ్ చూపే కెర్నల్ లాగ్‌లో సాధారణంగా ఒక పంక్తి మిగులుతుంది. సిగ్‌పైప్ ఏ గుర్తూ వదలదు, కోర్ ఫైల్ (ఆగిన క్షణంలోని మెమరీ నకలు) కూడా ఉండదు. నోహప్ అడ్డుకునేది టెర్మినల్ మూసినప్పుడు వచ్చే సిగ్‌హప్‌ను మాత్రమే కనుక ఇక్కడ దానితో ప్రయోజనం లేదు. అన్నట్టు, అవుట్‌పుట్ ఫైల్‌లోకి పోతున్నప్పుడు ప్రింటెఫ్ రాసినది బఫర్‌లో (తాత్కాలిక మెమరీలో) ఆగి, హఠాత్తుగా ఆగిన ప్రోగ్రామ్ చివరి పంక్తులు ఫైల్‌కు చేరవు. ప్రతి పంక్తి తర్వాత, బఫర్‌ను వెంటనే ఫైల్‌కు పంపే ఎఫ్‌ఫ్లష్ పిలవండి.

నా మాటనే నమ్మి కోడ్ మార్చకండి, ముందు రుజువు చూడండి. సర్వర్‌ను ఒక చిన్న షెల్ స్క్రిప్ట్ ద్వారా నడిపి, అది ఆగగానే ఎగ్జిట్ స్టేటస్‌నూ (ఎలా ముగిసిందో చెప్పే సంఖ్య) సమయాన్నీ ఫైల్‌లో రాయించండి. సిగ్‌పైప్ సంఖ్య 13; దానికి షెల్ 128 కలిపి 141 చూపుతుంది. 137 వస్తే సిగ్‌కిల్ (బలవంతంగా చంపే సిగ్నల్), 139 వస్తే సెగ్మెంటేషన్ ఫాల్ట్; అప్పుడు వెతకవలసిన చోటు వేరు.

ఇంట్లో ఎందుకు ఆగలేదన్నది మంచి సందేహం. సిస్టమ్‌డీ తాను నడిపే సర్వీసుల్లో సిగ్‌పైప్‌ను పట్టించుకోకుండా ముందే అమరుస్తుంది. అక్కడ తప్పు లేకపోలేదు, బయటపడలేదంతే.

కోడ్‌లో ప్రోగ్రామ్ మొదట్లోనే సిగ్‌పైప్‌ను ఇగ్నోర్ చేయండి, లేదా లినక్స్‌లో సెండ్‌కు ఆ సిగ్నల్ రాకుండా చేసే ఎంఎస్‌జీ నోసిగ్నల్ ఫ్లాగ్ ఇవ్వండి. అంతటితో ఆపకూడదు. రాత విఫలమై మైనస్ 1 వస్తే ఆ ఒక్క సాకెట్‌ను మూసి జాబితా నుంచి తీసేయాలి, రీడ్ సున్నా ఇచ్చినప్పుడూ అంతే. సాకెట్లను మూయకపోతే రోజుకు నాలుగు చొప్పున పేరుకుని, ఒక ప్రాసెస్‌కు మామూలుగా ఉండే 1024 ఫైళ్ల పరిమితి (సాకెట్లూ ఇందులో లెక్కే) ఎనిమిది నెలలు దాటేసరికి నిండిపోతుంది. ఆ రోజు సర్వర్ నడుస్తూనే ఉంటుంది గానీ, పొద్దున్నే తెరిచిన కౌంటర్లలో ఏదో ఒకటి దానికి కనెక్ట్ కాలేకపోతుంది.