మందు ముచ్చట రాసే ముందు లెక్క వెయ్యి

హనుమకొండ

తమ్ముడూ,

బఫర్ల మీద, అంటే పీహెచ్‌ను తేలిగ్గా మారనివ్వని ద్రావణాల మీద, మందులు విద్యుదావేశం ఉన్న అయాన్లుగా మారడం (అయనీకరణం) మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. తెలుగు మీడియంలో ఇంటర్ చదివి బీఫార్మసీలో చేరిన పిల్లలు కాకతీయ యూనివర్సిటీ చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. వాళ్లకు ఇటువంటి రాత కావాలి. అందుకే మొహమాటం లేకుండా దిద్దుతున్నాను.

ముందు ఆ ఆస్పిరిన్ వాక్యం. ‘ఆస్పిరిన్ ఆమ్లం కాబట్టి జీర్ణాశయంలోనే రక్తంలోకి చేరుతుంది’ అని రాశావు. ఇది నోట్సు నుంచి నోట్సుకు పాకుతున్న మాట. లెక్క వేసి చూడు. ఆమ్లాలకు పీహెచ్‌లోంచి పీకేఏ (మందులో సగం అయాన్‌గా ఉండే పీహెచ్) తీసేస్తే వచ్చేది, అయాన్ రూపానికీ అయాన్ కాని రూపానికీ ఉన్న నిష్పత్తి లాగ్. ఆస్పిరిన్ పీకేఏ 3.5. జీర్ణాశయం పీహెచ్ 1.5 అనుకుంటే తేడా 2, అంటే ఒక అయాన్‌కు నూరు అయాన్ కాని అణువులు. చిన్నపేగులో 6.5 అనుకుంటే తేడా 3, అటువైపు. వెయ్యి అయాన్లకు ఒక్కటే అయాన్ కాని అణువు. కొవ్వు పొరను సులువుగా దాటేది అయాన్ కాని రూపమే. ఇక్కడిదాకా నీ వాక్యం నిజమే అనిపిస్తుంది.

కానీ ఆస్పిరిన్ ఎక్కువ భాగం చిన్నపేగులోనే రక్తంలోకి చేరుతుంది. విల్లై, మైక్రోవిల్లై అనే వేళ్లలాంటి సన్నని మొలకల వల్ల పేగు ఉపరితలం జీర్ణాశయంతో పోల్చలేనంత ఎక్కువ. పొర దాటిన అణువును రక్తం వెంటనే మోసుకుపోతుంది, వెనుక సమతాస్థితి ఆ ఖాళీని నింపుతూనే ఉంటుంది. పైగా ఆమ్లంలో ఆస్పిరిన్ సరిగ్గా కరగదు, కరగని బిళ్ల పొర దాటదు. పైన లెక్క వేసిన సమీకరణం నిష్పత్తిని మాత్రమే చెబుతుంది. వేగాన్నీ వైశాల్యాన్నీ చెప్పదు. ఈ సంగతి నీ వ్యాసంలో తప్పకుండా రావాలి, నా దృష్టిలో మొత్తం పాఠంలో అతి ముఖ్యమైనది ఇదే.

రెండోది, పీకేఏ అంకె రాసినప్పుడల్లా పక్కనే అది ఆమ్లమా క్షారమా అని రాయి. పారాసెటమాల్ పీకేఏ 9.5. అంకె పెద్దది కదా అని చాలామంది దాన్ని క్షారం అనుకుంటారు. అది చాలా బలహీనమైన ఆమ్లం, అందుకే పేగు పొడుగునా దాదాపు అంతా అయాన్ కాని రూపంలోనే ఉంటుంది. పన్ను దగ్గర మత్తుకు ఇచ్చే లిడోకైన్ పీకేఏ 7.9, అది క్షారం. క్షారాలకు తీసివేత తిరగబడుతుంది: పీకేఏలోంచి పీహెచ్ తీసెయ్యాలి. పీహెచ్ 7.4 ఉన్న కణజాలంలో తేడా 0.5, అయాన్ కాని రూపం నూటికి సుమారు 24. చీము పట్టిన పంటి చిగుళ్లలో పీహెచ్ 6.4కి పడిపోయిందనుకో, అది నూటికి 3కి దిగుతుంది. పన్ను దగ్గర చీము ఉన్నప్పుడు మత్తు సరిగ్గా పట్టకపోవడానికి ఇదొక కారణం. అయితే నరం లోపలికి వెళ్లాక సోడియం చానెల్‌ను (నరం సంకేతానికి సోడియం అయాన్లు లోపలికి వచ్చే దారిని) పట్టుకునేది ప్రధానంగా అయాన్ రూపమే. రెండు రూపాలకూ పని ఉందని రాయి. ‘అయాన్ అయితే మందు వృథా’ అన్న నీ వాక్యం కొట్టెయ్యి.

ఇక బఫర్. బఫర్‌ను స్పాంజితో పోల్చావు, ఆ పోలిక తీసెయ్యి, బఫర్ ఎంతవరకు ఆగుతుందో అది పాఠకుడికి చెప్పదు. పీహెచ్ 6.8 ఫాస్ఫేట్ బఫర్ తయారీ ఇచ్చి, అక్కడ లెక్క చూపించు. పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 27.218 గ్రాములు నీళ్లలో కలిపి లీటరు చేస్తే 0.2 మోలార్ (లీటరుకు 0.2 మోళ్లు). దానిలో 50 మిల్లీలీటర్లు, 0.2 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ 22.4 మిల్లీలీటర్లు, మిగతాది నీళ్లు పోసి 200 మిల్లీలీటర్లు చెయ్యాలి. అంటే క్షార రూపం 4.48 మిల్లీమోళ్లు, ఆమ్ల రూపం 5.52. పుస్తకంలోని పీకేఏ 7.2 పెట్టి లెక్కేస్తే 7.1 వస్తుంది. మీటరు మాత్రం 6.8 చూపుతుంది. తెలివైన విద్యార్థి ఇక్కడే ఆగి, తప్పు తనదేనేమో అనుకుంటాడు. తప్పు ఎవరిదీ కాదు. ఆ ద్రావణంలో అయాన్ల గాఢత ఎక్కువ, అందువల్ల ఫాస్ఫేట్ పీకేఏ 6.9 దగ్గరికి దిగిపోతుంది. పట్టికలోని 7.2 బాగా పలుచన ద్రావణాలది.

ఇప్పుడు దానిలో 1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక మిల్లీలీటరు పోయించు. 6.8 కాస్తా 6.6 అవుతుంది. అంతే ఆమ్లం 200 మిల్లీలీటర్ల ఉత్త నీళ్లలో పోస్తే పీహెచ్ 2.3కి పడిపోతుంది. బఫర్‌లోనే నాలుగు మిల్లీలీటర్లు పోస్తే 5.6కి జారుతుంది, ఎందుకంటే ఉన్న 4.48లో నాలుగు ఖర్చయిపోయాయి. బఫర్ సామర్థ్యం అంటే ఏమిటో ఈ నాలుగు అంకెలు చెబుతాయి.

తయారీలో ఏది చెడుతుందో కూడా రాయాలి. సోడియం హైడ్రాక్సైడ్ గుళికలు గాలిలోని తేమనూ కార్బన్ డయాక్సైడ్‌నూ పీలుస్తాయి. 8 గ్రాములు తూచి లీటరు చేస్తే అది నికరంగా 0.2 మోలార్ కాదు, పొటాషియం హైడ్రోజన్ థాలేట్‌తో టైట్రేషన్ చేసి చూడాలి. మీటరును రెండు ప్రామాణిక బఫర్లతో సరిచెయ్యాలి, కొలవబోయే విలువ ఆ రెండింటి మధ్య పడాలి: 6.8కి 4, 7 చాలు; 7.4కి 7, 9.2 కావాలి. ఎలక్ట్రోడ్‌ను టిష్యూతో రుద్దకూడదు, ఒత్తి తడి తియ్యాలి. పీహెచ్ దాటిపోయిందని ఆమ్లం, మళ్లీ క్షారం, మళ్లీ ఆమ్లం పోస్తూ పోతే లవణం పెరిగి బఫర్ వేరే అయిపోతుంది. అలాంటప్పుడు పారబోసి కొత్తది చెయ్యడమే మంచిది.

మన ఎండల సంగతి ఒక పేరాలో చెప్పు. ట్రిస్ అనే క్షారంతో చేసే బఫర్ పీహెచ్, వేడి పెరిగే ఒక్కో డిగ్రీకి సుమారు 0.028 తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర 7.4కి సరిచేసింది, మే నెలలో ల్యాబ్ 40 డిగ్రీలకు చేరితే 7.0 దగ్గర ఉంటుంది. ఫాస్ఫేట్ అంతే తేడాకు 0.04 మాత్రమే కదులుతుంది. ట్రిస్ వాడేవాళ్లు ఏ ఉష్ణోగ్రత దగ్గర సరిచేశారో సీసా మీద రాయాలి.

చరిత్రకు నువ్వు రెండు పేజీలు ఇచ్చావు. హెండర్సన్ బఫర్ సమీకరణం 1908, సోరెన్‌సన్ పీహెచ్ కొలమానం 1909, హాసెల్‌బాల్క్ హెండర్సన్ సమీకరణాన్ని లాగ్ రూపంలో పెట్టడం కొన్నేళ్ల తర్వాత. ఒక్క వాక్యం చాలు. మిగిలిన చోటు మూర్ఛకు ఇచ్చే ఫెనిటాయిన్ ఇంజెక్షన్‌కు ఇవ్వు. అది పీకేఏ 8.3 దగ్గరున్న ఆమ్లం. సీసాలో పీహెచ్ 12 ఉంచి, ప్రొపిలీన్ గ్లైకాల్ కలిపితేనే కరిగి ఉంటుంది. డెక్స్‌ట్రోజ్‌లో కలిపితే పీహెచ్ పడిపోయి ఆమ్ల రూపం స్ఫటికాలుగా విడిపోతుంది, అందుకే నార్మల్ సెలైన్ వాడతారు. నర్సింగ్ చదివే అమ్మాయి ఈ పేరా చదివి, డెక్స్‌ట్రోజ్ కాకుండా సెలైన్ బాటిలే ఎందుకు తెమ్మన్నారో తనే చెప్పగలగాలి.

తిరగరాసి పంపు. లెక్కలు వేసిన కాగితం కూడా జతచెయ్యి, ముందు అదే చూస్తాను.

నీ అన్న