పెద్దకొడుక్కి పొలం, మిగిలినవాళ్లకి పౌండ్లు: ఇంగ్లండ్ రైతు ఆస్తి పంపకాలపై మీ ప్రశ్నలు

ప్రశ్న: ఇంగ్లండ్‌లో సొంత పొలం ఉన్న రైతు పోతే ఆస్తంతా పెద్దకొడుక్కే దక్కేదని చదివాను. మరి చిన్నకొడుకులు, ఆడపిల్లలు ఏమైపోయేవారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీరు చదివింది విల్లు రాయకుండా పోయిన రైతు సంగతి. అలా పోతే భూమి పెద్దకొడుక్కి వెళ్లేది. కొడుకులే లేకపోతే కూతుళ్లందరికీ సమంగా వచ్చేది. 1925లో చేసిన చట్టం 1926 జనవరి 1న అమల్లోకి వచ్చేదాకా ఇదే నియమం. కెంట్ ప్రాంతంలో మాత్రం పాత ఆచారం ప్రకారం కొడుకులందరికీ సమాన వాటాలు ఉండేవి. ససెక్స్‌లోని చాలా గ్రామాల్లో కొన్ని రకాల భూములు చిన్నకొడుక్కి పోయేవి.

అయితే భూమిని విల్లుతో ఇవ్వడానికి 1540లోనే చట్టం వచ్చింది. రాజుకు సైనిక సేవ చేయాలనే షరతు మీద ఉన్న భూములకు 1660లో ఆ షరతు తొలగిపోయింది. దాంతో ఫ్రీహోల్డ్ భూమి, అంటే పూర్తి సొంత హక్కున్న భూమి, మొత్తాన్ని ఇష్టమొచ్చినట్టు రాసుకునే వీలు కలిగింది. యోమన్లని పిలిచే సొంత పొలం రైతులు ఈ వీలును బాగా వాడుకున్నారు. పొలం ముక్కలు చేస్తే ఎవరికీ గిట్టదు, ఒక్కడికే ఇస్తే మిగిలినవాళ్లకు అన్యాయం. అందుకని పొలాన్ని ఒకరికిచ్చి, మిగిలినవాళ్ల వాటాలను డబ్బుగా ఆ పొలం మీదే భారం పెట్టేవారు.

లెక్క కోసం ఒక ఉదాహరణ కడదాం. 18వ శతాబ్దం మొదటి సగం, 80 ఎకరాల రైతు. ఎకరానికి ఏటా 10 షిల్లింగుల కౌలు పలికే నేల అనుకుంటే, పౌండుకు 20 షిల్లింగుల చొప్పున ఏడాదికి 40 పౌండ్లు. ఇరవై ఏళ్ల కౌలును ధరగా కడితే పొలం విలువ 800 పౌండ్లు. పొలం పెద్దవాడికి. రెండోవాడికి 21 ఏళ్లు నిండగానే 120 పౌండ్లు. ఇద్దరు ఆడపిల్లలకు 21 ఏళ్లకో పెళ్లినాటికో, ఏది ముందైతే అప్పుడు, చెరో 80. తల్లికి బతికున్నంతకాలం ఏటా 10.

పెద్దవాడి చేతిలో 280 పౌండ్ల నగదు ఎక్కడుంటుంది? పొలం తాకట్టు పెడతాడు. 1714 నుంచి చట్టం ఒప్పుకున్న గరిష్ఠ వడ్డీ 5 శాతం కాబట్టి ఏటా 14 పౌండ్లు దానికే పోతాయి. తల్లికిచ్చే 10 కలిపితే 24. అంటే 40 పౌండ్ల నేలలో అతనికి మిగిలేది 16. అసలు తీర్చడం ఇంకా మొదలే కాలేదు. ఆస్తంతా పెద్దవాడికి దక్కిందనే మాట ఎంత పైపైదో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది.

ఈ పద్ధతి దెబ్బతినేది కూడా ఇక్కడే. విల్లు రాసేనాటి ధరలు నమ్ముకుని తండ్రి పెద్ద మొత్తాలు రాసేవాడు. 1730, 40ల్లో ధాన్యం ధర పడిపోయినట్టు పడితే భారం అంతే ఉండి రాబడి తగ్గేది. ఇద్దరు ముగ్గురికి ఒకే ఏడాది చెల్లించాల్సి వస్తే పొలం అమ్మకానికి వచ్చేది. ముందుచూపున్న రైతు గడువులు విడదీసి రాసేవాడు: ఒకరికి తన మరణం తర్వాత ఏడాదికి, ఇంకొకరికి ఆ పై ఏడాదికి. దాంతోపాటు మరో షరతు పెట్టేవాడు. గడువులో డబ్బు అందకపోతే, అందాల్సినవాళ్లు ఫలానా చేలోకి దిగి, బాకీ తీరేదాకా దాని రాబడి తీసుకోవచ్చు. అన్న మాట మీద ఆధారపడకుండా చెల్లెలికి పట్టు దొరికేది ఈ ఒక్క వాక్యంతోనే.

ప్రశ్న: భార్యకు హక్కంటూ ఏమైనా ఉండేదా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఉండేది. భర్త భూమిలో మూడో వంతు రాబడి ఆమెకు జీవితాంతం చెందేది. కెంట్ ఆచారంలో సగం వచ్చేది, కానీ మళ్లీ పెళ్లి చేసుకునేదాకానే. విల్లు రాసినా ఈ హక్కు దానంతటది పోయేది కాదు. భర్త ఒక్కడే దాన్ని తేలిగ్గా తీసేయగలిగింది 1833 చట్టం తర్వాతే.

అందుకని విల్లులో ఆమెకిచ్చేది ఆ మూడో వంతుకు బదులుగానే అని స్పష్టంగా రాయాలి. రాయకపోతే ఆమె రెండూ అడగవచ్చు, కొడుకు లెక్క తలకిందులవుతుంది. ఇచ్చేవి చాలా వివరంగా ఉండేవి: ఇంట్లో ఏ గది, ఏ మంచం, వంటింట్లోకీ బావి దగ్గరికీ రాకపోకలు, ఏటా ఎన్ని బళ్ల కట్టెలు, కొడుకు మేతతో ఒక ఆవు, తోటలో పళ్లు. ఇంత చిన్న విషయాలు ఎందుకని తీసిపారేయకండి. కోడలు వచ్చాక ఒకే పొయ్యి దగ్గర ఇద్దరు ఆడవాళ్ల మధ్య తగవు రాకుండా ఉండాలంటే ఆ గది, ఆ కట్టెలు రాతలో ఉండాల్సిందే. చాలామంది భర్తలు ‘వైధవ్యంలో ఉన్నంతవరకే’ అని గీత గీసేవారు. ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంటే పిల్లల సొత్తు రెండో భర్త చేతికి పోతుందనే భయం. 1882 చట్టం దాకా పెళ్లయిన స్త్రీ చరాస్తి సాధారణంగా భర్తదే అయ్యేది కాబట్టి ఆ భయం ఉత్తదేమీ కాదు.

ప్రశ్న: విల్లు రాసినా చెల్లకుండా పోయే సందర్భాలు ఏమిటి?
– ఒక న్యాయశాస్త్ర విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: 1838కి ముందు రాసిన విల్లుల్లో నాలుగు చోట్ల చూడాలి.

మొదటిది సాక్షులు. 1677 చట్టం ప్రకారం భూమి ఇచ్చే విల్లుకు కనీసం ముగ్గురు సాక్షులు కావాలి. ఇద్దరే సంతకం చేస్తే పాత్రలు, పశువులు పంచుకోవచ్చు కానీ భూమి పెద్దకొడుక్కే పోతుంది. 1837 చట్టం ఇద్దరు చాలంది, కాకపోతే ఇద్దరూ ఒకేసారి ఎదురుగా ఉండాలి.

రెండోది చాలామందిని ముంచింది. ‘ఈ చేను నా కొడుకు థామస్‌కి’ అని రాస్తే థామస్‌కి జీవితకాల హక్కే వచ్చేది. ‘అతనికీ, అతని వారసులకూ శాశ్వతంగా’ అని అర్థమయ్యేట్టు రాస్తేనే పూర్తి హక్కు.

మూడోది, విల్లు రాసిన తర్వాత కొన్న భూమి. అది విల్లు కిందికి రాదు. పదేళ్ల కింద విల్లు రాసి, ఆ తర్వాత పక్క చేను కొన్న రైతు సాక్షులను పెట్టి అనుబంధం రాయాల్సిందే.

నాలుగోది కాపీహోల్డ్ భూమి, అంటే గ్రామ ప్రభువు కోర్టు పుస్తకంలో నమోదై, దాని నకలే పట్టాగా ఉండే భూమి. విల్లు రాస్తే సరిపోదు. బతికుండగానే ఆ కోర్టులో ‘నా విల్లు ప్రకారం నడవడానికి’ అంటూ భూమిని ప్రభువుకు అప్పగించి నమోదు చేయించాలి. అది మరిచిపోతే భూమి స్థానిక ఆచారం చెప్పిన వారసుడికి పోయేది. ఈ అవసరాన్ని 1815 చట్టం తీసేసింది. వారసుడు పేరు మార్పించుకోవడానికి రుసుము కట్టాలి. చాలాచోట్ల చనిపోయిన రైతు పశువుల్లో మేలైనదాన్ని ప్రభువు తోలుకుపోయేవాడు. పంపకాల లెక్కలో ఈ రెండూ ముందే తీసిపెట్టాలి.

ప్రశ్న: విల్లే లేకపోతే డబ్బు, పశువులు కూడా పెద్దవాడికేనా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: కాదు. చరాస్తికి 1670 చట్టం వేరే దారి చూపింది: భార్యకు మూడో వంతు, మిగతా రెండు వంతులు పిల్లలందరికీ సమంగా. తండ్రి బతికుండగా ఎవరికైనా వ్యాపారానికో పెళ్లికో పెద్ద మొత్తం ఇచ్చి ఉంటే దాన్ని లెక్కలో కలిపి మినహాయించాలి. పెద్దవాడు మాత్రం వారసత్వంగా వచ్చిన భూమిని లెక్కలో చూపక్కర్లేకుండానే చరాస్తిలోనూ వాటా తీసుకునేవాడు. నాకు ఇది అన్యాయంగానే కనిపిస్తుంది.

భూమికొక దారి, డబ్బుకొక దారి ఎలా పట్టేవో ఐజాక్ న్యూటన్ ఆస్తి చూపిస్తుంది. ఆయన తండ్రి లింకన్‌షైర్‌లోని వూల్స్‌థార్ప్‌లో సొంత భూమి ఉన్న రైతు, కొడుకు పుట్టకముందే 1642లో పోయాడు. న్యూటన్ 1727లో విల్లు లేకుండా చనిపోయాడు. దాదాపు 32,000 పౌండ్ల చరాస్తిని తల్లి రెండో పెళ్లి పిల్లల సంతానం ఎనిమిది మంది పంచుకున్నారు. వూల్స్‌థార్ప్ భూమిలో వాళ్లకు అంగుళం రాలేదు. తండ్రి సోదరుడి వంశంలోని జాన్ న్యూటన్‌కి పోయింది. తల్లి ఒకరై తండ్రులు వేరైనవాళ్లకు భూమిలో వారసత్వం లేదన్నది అప్పటి చట్టం, 1833లో గానీ అది మారలేదు.

ప్రశ్న: మన జమీందార్లలోనూ పెద్దకొడుక్కే గద్దె. అది ఇంగ్లీషువాళ్లు తెచ్చిందేనా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: కాదు. అది ఆయా వంశాల పాత ఆచారం. కంపెనీ కోర్టులు దాన్ని గుర్తించాయి, 1904లో మద్రాసు ప్రభుత్వం అలాంటి అవిభాజ్య ఎస్టేట్ల జాబితాతో చట్టం చేసింది. సాధారణ రైతు సంగతి దీనికి భిన్నం. మన హిందూ ఉమ్మడి కుటుంబంలో పిత్రార్జితంపై కొడుక్కి పుట్టుకతోనే హక్కు ఉండేది, 1956 చట్టం దాకా దాన్ని తండ్రి ఒంటరిగా విల్లు రాయగలిగేవాడు కాదు. ఇంగ్లండ్ రైతు కొడుక్కి పుట్టుకతో వచ్చే హక్కేమీ లేదు. తండ్రి ఒక్క ఎకరం రాయకపోయినా భూమి విషయంలో కోర్టుకెళ్లే దారి 1938 చట్టం దాకా లేదు.